జన్యుశాస్త్రం ఖేడ్ బస్సు ఎక్కేదెప్పుడు?

(నారాయణఖేడ్ విలేఖరి)

హైదరాబాదు బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జన్యుశాస్త్ర సంస్థ, దానికి అనుబంధంగా జన్యు వ్యాధుల ఆసుపత్రి వున్నాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జన్యుశాస్త్ర శాఖ వేరుగా వుంది. ఈ రెండింటి సంగతి మన ఖేడ్ ప్రాంతంలో ఎంతమందికి తెలుసు? బస్టాండులో నిలబడి పదిమందిని అడిగితే గాంధీ పేరు చెబుతారు, నిమ్స్ పేరు చెబుతారు, నీలోఫర్ పేరు చెబుతారు. బేగంపేట అంటే పాత విమానాశ్రయమే కదా అంటారు. తప్పు వారిది కాదు. తెలిసినవారు చెప్పలేదు, చెప్పవలసినవారు ఇటు రాలేదు.

పెద్ద చదువుల వ్యవహారం, మనకెందుకులే అని కొందరు అనుకోవచ్చు. కాని ఆ పరిశోధనశాలల్లో జరిగిన పనిలో సగం మన చేలకు, మన పెళ్ళిళ్ళకు, మన ఇళ్ళలో పుట్టే పిల్లలకు సంబంధించినదే.

పత్తి చేలో మందు, ఇంట్లో కడుపుకోత

ముందుగా పత్తి సంగతి చూద్దాం. ఖేడ్, కంగ్టి, మనూరు మండలాల్లో పత్తి వేయని ఊరు అరుదు. 1980లలో ఉస్మానియా జన్యుశాస్త్ర సంస్థకు చెందిన ప్రొఫెసర్ ఓ.ఎస్. రెడ్డి, పి.పి. రెడ్డి, డి.ఎస్. రూప ప్రభృతులు పత్తి చేలలో పురుగు మందు కొట్టే కూలీల రక్తం తీసి పరీక్షించారు. మన శరీరంలోని ప్రతి కణంలోను 46 క్రోమోజోములు వుంటాయి. తల్లి నుండి 23, తండ్రి నుండి 23. మనిషి రంగు, ఎత్తు, రక్తం, ఎముక ఎలా వుండాలో రాసి వున్న దారాల వంటివి ఇవి. మందు కొట్టే వారిలో ఈ దారాలు తెగిపోవడం, అస్తవ్యస్తం కావడం మామూలు వారికంటే ఎక్కువగా కనబడింది.

అంతటితో ఆగలేదు. మగవారు మందు కొట్టే వెయ్యికి పైగా జంటలను, మందు జోలికే పోని దాదాపు అన్నే జంటలతో పోల్చి చూశారు. ఆ ఫలితాలు 1991లో అచ్చయ్యాయి. మందు కొట్టే వారి ఇళ్ళలో గర్భస్రావాలు, పుట్టిన కొద్ది రోజులకే శిశువు చనిపోవడం, అవయవ లోపాలతో పుట్టడం ఎక్కువగా వున్నట్టు తేలింది. అసలు సంతానమే కలగని మగవారు కూడా వారిలోనే ఎక్కువ.

ఈ సంగతి ఒకసారి ఊరి రచ్చబండ దగ్గర పెట్టి ఆలోచించండి. కోడలికి రెండుసార్లు కడుపు నిలవకపోతే ఏమంటారు? గొడ్రాలంటారు, దిష్టి అంటారు, దర్గాకు తీసుకుపోతారు, తాయెత్తు కడతారు, చివరికి రెండో పెళ్ళి మాట ఎత్తుతారు. మందు డబ్బా వీపున వేసుకుని పొద్దంతా చేలో తిరిగినది కొడుకన్న మాట ఎవరికీ గుర్తు రాదు. పరీక్షకు పంపవలసి వస్తే కోడలిని పంపుతారు, కొడుకు కదలడు. ఆ పరిశోధన వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. విదేశాల శాస్త్ర పత్రికల్లో అచ్చయింది. ఖేడ్ పత్తి రైతుకు మాత్రం చేరలేదు.

అప్పటి మందులు వేరు, ఇప్పటివి వేరు అనవచ్చు. నిజమే. 2002లో బీటీ పత్తి వచ్చాక కొన్నేళ్ళు కాయతొలిచే పురుగు మందులు తగ్గాయి. అయితే గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడిపోయింది, మళ్ళీ మందు డబ్బాలు వీపుల మీదికి ఎక్కాయి. డబ్బాలోని మందు పేరు మారింది, కొట్టే తీరు మారలేదు. ముక్కుకు గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు, మందు కలిపేది చేత్తోనే. గాలికి ఎదురు నడుస్తూ కొట్టేవారు నేటికీ కనబడుతున్నారు. మందు అమ్మే దుకాణదారు ఎకరాకు ఎన్ని మిల్లీలీటర్లో చెబుతాడు గాని, పెళ్ళి కావలసిన కుర్రవాడిని ఆ పనికి పంపవద్దని చెప్పడు. అది చెప్పవలసినది వ్యవసాయ శాఖ వారు, ఆరోగ్య శాఖ వారు. వారికి చెప్పవలసినది విశ్వవిద్యాలయం.

మేనరికం మాట

ఇక మేనరికం. ఈ మాట ఎత్తితే పెద్దలకు కోపం వస్తుంది. అయినా ఎత్తక తప్పదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల్లో సుమారు నాలుగో వంతు పెళ్ళిళ్ళు రక్త సంబంధీకుల మధ్యనే జరుగుతున్నాయి. మనది బీదర్ సరిహద్దు. ఇటు తెలుగు, అటు కన్నడం, మధ్యలో మరాఠీ, ఉర్దూ. భాష ఏదైనా మేనమామకు అక్క బిడ్డను ఇచ్చే ఆచారం, మేనబావకు మరదలిని ఇచ్చే ఆచారం అన్ని వైపులా వుంది.

దీని లెక్క కష్టమైనదేమీ కాదు. తాత ఆస్తి మనుమలకు పంచినట్టే తాత జన్యువులు కూడా పంపకం అవుతాయి. ప్రతి మనిషిలోను పైకి కనబడని లోపపు జన్యువులు ఏవో కొన్ని వుంటాయి. ఒక వైపు లోపం వున్నా, రెండో వైపు నుండి వచ్చిన మంచిది పని నడిపిస్తుంది. జోడెద్దుల్లో ఒకటి కుంటినా రెండోది బండి లాగినట్టు. అందుచేత లోపం మోసేవాడు రోగి కాడు, జీవితమంతా తనలో అది వున్నదనే తెలియకుండా గడిపేస్తాడు. చిక్కు ఎప్పుడు వస్తుందంటే, అదే లోపం మోసే ఇద్దరికి పెళ్ళి అయినప్పుడు. బయటి సంబంధం అయితే ఇద్దరిలోను అదే లోపం వుండే అవకాశం తక్కువ. ఒకే తాత మనుమలైతే ఆ అవకాశం బాగా పెరుగుతుంది. మేనబావ, మరదలు తమ జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామ, అక్క బిడ్డ అయితే నాలుగో వంతు.

ఇద్దరూ ఒకే లోపం మోసేవారైతే ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దీనిని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికి రాదని ధైర్యంగా వుంటున్నారు. జన్యువుకు లెక్క పుస్తకం వుండదు. ప్రతి కాన్పూ కొత్త పందెమే.

అలాగని మేనరికం చేసుకుంటే అందరికీ అవిటి పిల్లలే పుడతారని భయపెట్టడం కూడా తప్పే. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. మేనబావ మరదళ్ళ పెళ్ళిళ్ళలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే అక్కడ కూడా నూటికి తొంభై మందికి పైగా పిల్లలు ఆరోగ్యంగానే పుడుతున్నారు. ఊళ్ళో పెద్దలు, మా తాత మేనరికమే, మా నాన్న మేనరికమే, మాకేమైందని అడిగేది అందుకే. వారి మాట అబద్ధం కాదు. కాని చెవుడుతో పుట్టిన పిల్లవాడి ఇంటికి, నడక రాని పిల్ల ఇంటికి వెళ్ళి అదే ప్రశ్న అడగగలరా?

ఇందులో ఇంకో కోణం వుంది, పట్నం నుండి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చేవారు దానిని చూడటం లేదు. ఆడపిల్ల తల్లి తన తమ్ముడికే పిల్లను ఎందుకు ఇస్తుంది? కట్నం తక్కువ, భూమి చేయి దాటదు అన్నవి వున్నాయి. వాటికంటే ముఖ్యం, పిల్ల ఏడిస్తే అడిగే దిక్కు వుంటుంది. తెలియని ఊరికి ఇచ్చి కట్నం వేధింపులు పడేకంటే తెలిసిన ఇల్లు మేలన్నది ఆ తల్లి లెక్క. మేనరికం మానండని గోడ మీద రాసిపోతే ఆమె భయం పోదు. కాబట్టి మానమని చెప్పేకంటే, చేసుకునే ముందు రక్తం చూపించుకోండి, కుటుంబంలో ఎవరికైనా జబ్బు వుంటే సలహా తీసుకోండి అని చెప్పడం తెలివైన పని. నా అభిప్రాయం ఇది. ఒప్పుకోనివారు వుండవచ్చు.

మేనరికం లేకపోయినా, ఒకే చిన్న కులంలో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటూ వుంటే దాదాపు అదే జరుగుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా వారు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో మన ప్రాంతపు వైశ్యుల ఉదాహరణ వుంది. వారిలో కొందరికి రక్తంలోని ఒక ఎంజైము తక్కువగా వుంటుంది. మామూలు జీవితంలో ఏమీ కాదు. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించే ఒక రకం మందు ఇస్తే మాత్రం, అందరికీ కొద్ది నిమిషాల్లో దిగిపోయే ప్రభావం వారికి గంటల తరబడి దిగదు, ఊపిరి తీయడం కష్టమవుతుంది. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతాడు. ఒక్క మాటతో ప్రాణం నిలిచే సంగతి ఇది. ఒక కులాన్ని తక్కువ చేయడం ఇందులో లేదు, ఏ కులం లెక్క తీసినా దాని లోపాలు దానికి వుంటాయి.

అలాగే 2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, ఉస్మానియా జన్యుశాస్త్ర శాఖకు చెందిన ప్రొఫెసర్ ప్రతిభా నల్లారి మొదలైనవారు పాల్గొన్న పరిశోధన ఒకటి వచ్చింది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించినవారు మన దేశంలో నూటికి సుమారు నలుగురు వున్నారని, వారికి నడివయసు దాటాక గుండె బలహీనపడే ప్రమాదం ఎక్కువని అందులో తేలింది. ప్రపంచమంతా ఆ పరిశోధనను చదివింది. దానిలో మన విశ్వవిద్యాలయం చేయి వున్నందుకు గర్వపడవలసిందే.

రక్తం కోసం ప్రయాణం

తలసీమియా అన్న జబ్బు పేరు మన తండాల్లో ఇప్పుడిప్పుడే వినబడుతున్నది. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. ఆరు నెలలు, ఏడాది దాటేసరికి తెల్లగా పాలిపోతుంది. అప్పటి నుండి రెండు మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దానిని తీయడానికి మళ్ళీ మందులు. దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ లోపం మోసేవారే. ఏటా 10 వేల మందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా.

ఖేడ్ నుండి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైమాటే. ఇరవై రోజులకు ఒకసారి బిడ్డను ఎత్తుకుని వెళ్ళి రావాలంటే తల్లి కూలి పోతుంది, తండ్రి కూలి పోతుంది, బస్సు ఖర్చు, పట్నంలో తిండి ఖర్చు. రాజేంద్రనగర్ వైపు తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ వారు 1998 నుండి ఇటువంటి పిల్లలకు రక్తం ఎక్కించే సేవ చేస్తున్నారు. మెచ్చుకోవలసిన పని. కాని రోగం వచ్చాక చేసే సేవ అది. రాకముందు చేయవలసిన పని మన దగ్గర జరగాలి. పెళ్ళికి ముందు అబ్బాయికి, అమ్మాయికి ఒక్క రక్తపరీక్ష చేస్తే లోపం మోసేవారెవరో తెలిసిపోతుంది. పెళ్ళి అయిపోయిందనుకుంటే, గర్భం వచ్చిన మొదటి నెలల్లోనే భార్యకు చేయాలి. ఆమెకు లోపం వుంటే భర్తకు చేయాలి. ఇద్దరికీ వుంటే హైదరాబాదులో కడుపులోని బిడ్డకు పరీక్ష చేసే సౌకర్యం వుంది. ఆడా మగా చూసే పరీక్ష కాదిది. ఆ పరీక్ష నేరమని 1994 చట్టమే చెబుతున్నది.

సికిల్ సెల్ విషయంలో కేంద్ర ప్రభుత్వం కొంత కదిలింది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో ప్రారంభించిన కార్యక్రమం కింద 17 రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వారు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని నిర్ణయించారు. ఆ రాష్ట్రాల్లో తెలంగాణ కూడా వుంది. వేలి నుండి చుక్క రక్తం తీస్తే చాలు. వచ్చే చిక్కంతా ఆ చుక్క తీసిన తరువాతనే.

ఒక తండాలో ఇరవై మంది రక్తం తీశారనుకుందాం. ఇద్దరు లోపం మోసేవారని తేలింది. ఆ కాగితం ఎవరి చేతికి ఇస్తారు? ఇంగ్లీషులో వున్న కాగితాన్ని ఎవరు చదివి చెబుతారు? నలుగురిలో నిలబెట్టి చెబితే మరునాటికి ఆ ఇంటికి రోగం వున్నదని పుకారు లేస్తుంది. ఆ ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రావు. లోపం మోయడం వేరు, రోగం వేరు అన్న తేడా చెప్పేవాడు లేకపోతే పరీక్ష మేలు చేయకపోగా కీడే చేస్తుంది. చాటుగా కూర్చోబెట్టి, భార్యాభర్తలిద్దరికీ వారి మాటలోనే చెప్పే మనిషి కావాలి. దీనికే జన్యు సలహా అని పేరు పెట్టారు. ఇది చదివి నేర్చుకోవలసిన విద్య.

మన పిల్లలు చదవాలి

విశ్వవిద్యాలయంలోని శాఖ మనకు అవసరమయ్యేది ఇక్కడే. పట్నంలో పుట్టి పెరిగిన సలహాదారుకు లంబాడీ భాష రాదు. సరిహద్దు ఊరి కన్నడం అర్థం కాదు. అక్క బిడ్డ, మేనత్త కొడుకు, చిన్నాయన మనుమరాలు అని ఇక్కడి వారు వరసలు చెబుతుంటే కాగితం మీద వంశవృక్షం గీయడానికి తడబడతారు. మన పిల్లవాడైతే సగం వరసలు అడగకముందే చెబుతాడు.

ఖేడ్‌లో ప్రభుత్వ డిగ్రీ కళాశాల వుంది. బీఎస్సీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివేవారిలో ఎక్కువమంది బీఎడ్ తప్ప మరొకటి లేదన్నట్టు వున్నారు. ఎమ్మెస్సీ జెనెటిక్స్ అనే చదువు ఉస్మానియాలో వున్నదని, రాష్ట్ర ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష రాసి దానిలో చేరవచ్చునని వారికి చెప్పాలి. ఆ శాఖ అధ్యాపకులు ఏడాదికి ఒకసారి వచ్చి రెండు గంటలు మాట్లాడినా చాలు. సూక్ష్మదర్శినిలో క్రోమోజోము ఎలా వుంటుందో చూపినా చాలు. చదివితే ఉద్యోగం వస్తుందా అని తండ్రులు అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. అందుకు జవాబు ప్రభుత్వం చెప్పాలి. జిల్లా ఆసుపత్రికి ఒక జన్యు సలహాదారు పోస్టు పెడితే ఆ ప్రశ్న దానంతట అదే పోతుంది. పోస్టు లేకుండా చదువులు మాత్రమే పెడితే చదివినవారు బెంగళూరుకో, అమెరికాకో పోతారు. పోతున్నారు కూడా.

ఒక విచిత్రం చెప్పాలి. ఖేడ్ నుండి హైదరాబాదు పోయే బస్సు పటాన్‌చెరు మీదుగానే పోతుంది. అక్కడ 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ మన సంగారెడ్డి జిల్లాలోనే వుంది. మనం వేసే కంది పంట జన్యు రచన మొత్తాన్ని, 'ఆశ' రకం కంది తీసుకుని, ఇక్రిశాట్ శాస్త్రవేత్త రాజీవ్ వార్ష్ణేయ నాయకత్వంలో చదివి 2011లో ప్రకటించారు. అందులో 48 వేలకు పైగా జన్యువులు వున్నాయని లెక్క తేల్చారు. ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకునే రకాలు త్వరగా తయారు చేయడానికి అది ఉపయోగపడుతుంది. మన కంది చెట్టు వంశ చరిత్ర మన జిల్లాలోనే రాశారు. ఆ కంది పండించే మనిషి వంశంలో ఏ జబ్బు దాగి వున్నదో అడిగే దిక్కు లేదు. దేశమంతటా 83 జన సమూహాలకు చెందిన దాదాపు 10 వేల మంది జన్యు రచనలను చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. గొప్ప పని. ఆ గొప్ప పనిలో ఏ కొంచెమైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గడప దాకా రావద్దా?

చేయవలసిన పనికి కోట్లు అక్కరలేదు. పాఠశాలలకు, అంగన్‌వాడీలకు వచ్చే బాలల ఆరోగ్య బృందాలు 2013 నుండి వున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు వున్న పిల్లలను గుర్తించడం వారి పనే. గుర్తించిన పిల్లల ఇళ్ళ జాబితా బేగంపేట సంస్థకు, నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగానికి గోప్యంగా చేరితే, తరువాతి కాన్పుకు ముందే ఆ తల్లిని పిలిచి మాట్లాడవచ్చు. అరుదైన వ్యాధులకు 50 లక్షల రూపాయల దాకా సహాయం ఇచ్చే కేంద్ర పథకం వుంది, హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి దానికి కేంద్రంగా వున్నాయి. ఏ ఏ వ్యాధులకు ఆ సహాయం వస్తుందో ఆశా కార్యకర్తకు తెలియకపోతే అది కాగితం మీది పథకమే.

విశ్వవిద్యాలయం వారు మూడు నెలలకు ఒకసారి ఖేడ్ ఏరియా ఆసుపత్రిలో శిబిరం పెట్టాలి. పరిశోధన కోసం మన రక్తం తీసుకుంటే తీసుకోవచ్చు, అభ్యంతరం లేదు. ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో చెప్పి సంతకం తీసుకోవాలి, ఫలితం మళ్ళీ వచ్చి చెప్పాలి. రక్తం తీసుకుని పోయినవారు తిరిగి రాకపోతే రెండోసారి ఎవరూ చేయి చాపరు.

శిబిరాల తేదీలు పట్నంలో కూర్చుని నిర్ణయించవద్దని మరో మనవి. దసరా, దీపావళి దాటితే తండాల నుండి చెరకు నరకడానికి కుటుంబాలకు కుటుంబాలే బండ్లు కట్టుకుని వలస పోతాయి, మళ్ళీ ఉగాది దాకా రావు. అప్పుడు వస్తే ముసలివారు, బడికి పోయే పిల్లలు తప్ప ఎవరూ దొరకరు. రావలసినది వానాకాలంలో, పత్తికి మొదటి మందు కొట్టడానికి ముందే.